రేగడిపాడు మంత్రసాని

ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు వదిలి పక్క గల్లీలోకి తిరిగితే శశికళ వాళ్ల మ్యాచింగ్ సెంటర్ కనబడుతుంది. గోడల పొడుగునా జరీ అంచులు, చమ్కీ లేసులు, అద్దాల బిళ్లలు, రాళ్లు పొదిగిన మెడపట్టీలు. ట్యూబులైటు వేస్తే చాలు, దుకాణమంతా పెండ్లిపందిరి లెక్క మెరుస్తుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ మెరుపుల మధ్యే కూర్చున్న శశికళకు ఇప్పుడు మెరిసేదేది చూసినా ఒళ్లు మండుతుంది. తను కట్టేవి మాత్రం వెలిసిన నూలుచీరలే. అమ్మేవాళ్లే గిట్లుంటే కొననీకొచ్చే గిరాకీ ఏమనుకుంటదని భర్త శ్యామ్‌సుందర్ కొన్నాళ్లు నసిగి, తర్వాత ఊరుకున్నాడు.

మధ్యాహ్నం పూట దుకాణంలో ఈగలు తోలుకోవాల్సిందే. బిల్లుల కోసం కొన్న కంప్యూటర్‌లో కూతురు వైశాలి కాలేజీ రోజుల్లో 'ఆరు కొండల రాజ్యం' అని ఒక ఆట ఎక్కించింది. రాజులు, రాక్షసులు, మంత్రగాళ్లు ఉండే లోకం. ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్‌లో ఒకేసారి ఆడతారు. వైశాలి ఉద్యోగానికి పుణె పోయి ఆ సంగతే మరిచిపోయింది. శశికళ ఒకనాడు తోచక తెరిచింది. తెరిచింది తెరిచినట్టే అందులో ఉండిపోయింది.

రాక్షసులను నరకడం ఆమెకు పట్టలేదు. ఆ రాజ్యంలో ఒక మూల, ఎవరూ తిరగని బీడునేలలో నాలుగు గుడిసెలు వేసి, దానికి రేగడిపాడు అని పేరు పెట్టింది. తను ఆ ఊరి మంత్రసాని పోచవ్వ అయింది. మెల్లగా తెలుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. తపాలాఫీసులో పనిచేసి రిటైరైన జనార్దన్ ఊరి పటేలయ్యాడు. ఒక దవాఖానలో నర్సుగా చేసే జమున గొర్రెలు కాసే పిల్ల అయింది. ఇంకొంతమంది కుమ్మరులు, చాకళ్లు, రైతులు. అందరూ మైకులో మాట్లాడుకుంటారు. ఊళ్లో అడుగుపెట్టాక క్రికెట్ ముచ్చట లేదు, పెట్రోలు ధర ముచ్చట లేదు. ఎవరికైనా ఇంట్లో పని పడితే "బాయి కాడికి పోయొస్త" అని చెప్పి లేవాలి. ఈ కట్టుబాట్లన్నీ శశికళ పెట్టినవే. ఎవరైనా తప్పితే పోచవ్వ గొంతుతోనే గట్టిగా తిట్టేది, వాళ్లూ పడేవాళ్లు. దుకాణంలో ఎన్ని రంగులు సర్దినా ఒక మనిషిగా ఎవరూ చూడని ఆమెను అక్కడ కాన్పు కష్టమైందని పరుగెత్తుకొచ్చి పిలిచేవాళ్లు. పోచవ్వ వచ్చిందంటే ఇల్లంతా నెమ్మదించేది. అది ఆట అని శశికళకు తెలుసు. తెలిసినా, సాయంత్రం నాంపల్లిలో ఇంటికి పోయి అన్నం వండుతున్నప్పుడు కూడా ఆమె చేతులకు పోచవ్వ చేతుల బరువే ఉండేది.

కొంతకాలానికి ఆట కంపెనీవాళ్లు వేషాలు అమ్మడం మొదలుపెట్టారు. నిప్పు రెక్కలు, నెమలిరంగు కవచాలు, నడిచిన చోటల్లా పూలు రాలే చెప్పులు, తోక ఊపితే హరివిల్లు లేచే గుర్రాలు. వాటితో బలం పెరగదు, కత్తికి పదును రాదు. చూసేవాళ్ల కండ్లు జిగేలుమనడానికి తప్ప దేనికీ పనికిరావు. రాజ్యమంతా తిరునాళ్ల లెక్క తయారైంది. అది కరువు రాజ్యమని ఆటలో కథ, అందులో మనుషులు మాత్రం బ్యాండుమేళం బట్టల్లో. శశికళ తన ఊళ్లోకి అవి రావద్దని కొత్త కట్టుబాటు పెట్టింది.

దాన్ని మొదట తెంచినవాడు సాయిచైతన్య. ఊరి కమ్మరి. పిలగాడు హుషారు, అందరినీ నవ్విస్తాడు, ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందుంటాడు. ఒకరోజు కొలిమి దగ్గర బంగారు కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. తీసెయ్యమంది శశికళ. తీశాడు. వారం తిరక్కముందే రెక్కలతో వచ్చాడు. మళ్లీ చెప్పింది, మళ్లీ తీశాడు. మూడోసారికి మాత్రం, పైసలు పెట్టి కొనుక్కున్నది పెట్టెలో దాచుకోనీకి కాదని మైకులో అందరూ వింటుండగా అన్నాడు. కొందరు నవ్వారు. ఆ నవ్వు శశికళ మరిచిపోలేదు. అప్పటినుంచి వాడు మంచి మాట చెప్పినా ఆమెకు వెటకారంగానే వినబడేది.

ఇంతలో జనార్దన్‌కు చూపు మందగించింది. స్క్రీను చూడొద్దని డాక్టరు చెప్పాడట. ఆట మానేసే ముందు ఆయన ఒక్కటే కోరుకున్నాడు: పటేల్ ఊరికే మాయమైపోవద్దు, నలుగురి మధ్య మంచంలో సావాలె. ఊరంతా దానికి తయారైంది. ఎవరు ఏ మాట అనాలో, ఎవరు నీళ్లు పొయ్యాలో మాట్లాడుకున్నారు. శశికళ చిన్నప్పుడు నానమ్మ నోట విన్న ఏడుపుపాటల వరసలు గుర్తుతెచ్చుకుని, పోచవ్వ పాడడానికి తనే ఒక పాట కట్టింది. పొయ్యి దగ్గర గొణుక్కుంటుంటే శ్యామ్‌సుందర్ ఎవరు పోయిన్రని కంగారుగా అడిగాడు.

ఆ ఆదివారం దుకాణం బందు. తాళం తీసి లోపల కూర్చుంది. గుడిసెలో మసక వెలుతురు. పటేల్ మంచంలో ఉన్నాడు. చుట్టూ మాసిన బట్టల్లో ఊరివాళ్లు. జనార్దన్ గొంతు నిజంగానే వణుకుతోంది. చెరువు గట్టు ఎవరు చూస్తరు, నా ఎడ్లు ఎవరికిస్తరు అని ఒక్కో మాటే అంటున్నాడు. జమున నిజంగానే ఏడ్చేసింది. పోచవ్వ ఆయన తల ఒళ్లో పెట్టుకుని పాట ఎత్తుకుంది.

అప్పుడు గుడిసె తలుపు తెరుచుకుంది. సాయిచైతన్య వచ్చాడు, వెంట బయటి దోస్తులు ఇంకో ముగ్గురు. నలుగురికీ నిప్పు రెక్కలు. అంత చిన్న గుడిసెలో ఆ రెక్కలు విప్పుకుంటే స్క్రీనంతా పసుపుపచ్చ వెలుగు తప్ప ఇంకేం కనబడలేదు. మంచం లేదు, పటేల్ లేడు, పోచవ్వ లేదు. నేల మీద గులాబీలు రాలుతున్నాయి. ఒకడి గుర్రం మంచం మీదికే ఎక్కింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. చివరికి జనార్దన్ కూడా చావలేక పగలబడి నవ్వాడు. "ఇగ నేను బతికే ఉంట తీయ్" అన్నాడు. ఊరంతా నవ్వింది. శశికళ ఒక్కతే మైకు ముందు నోరు తెరుచుకుని, సగం పాట గొంతులో పట్టుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో సాయిచైతన్యను చెడామడా తిట్టింది. వాడు కావాలని చెయ్యలేదని, పటేల్‌ను దేవతలు తీసుకుపోయినట్టు ఉంటుందనుకున్నానని రాశాడు. నమ్మలేదామె. మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే సర్దుకుంటుందని జమున అందరినీ నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్‌కు పిలిచింది.

వచ్చినవాళ్లు ఏడుగురు. సాయిచైతన్య చివరన వచ్చాడు. ఆబిడ్స్‌లో ఒక బట్టల షోరూంలో సేల్స్‌మన్ అట. బూడిదరంగు యూనిఫారం, మెడలో పేరు ట్యాగు, మోకాళ్ల దగ్గర నలిగిన ప్యాంటు. కూర్చోగానే బల్ల కింద బూట్లు వదులు చేసుకున్నాడు. చాయ్ వచ్చేదాకా ఎవరూ అసలు మాట ఎత్తలేదు. శశికళే ఎత్తింది. సచ్చేటోని ఇంట్లకు పెండ్లి బరాత్ తెచ్చినవని మొదలుపెట్టింది.

వాడు చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆంటీ, పొద్దుగాల నుంచి రాత్రిదాకా నిలబడి చీరెలు విప్పి చూపిస్త. నేను కట్టేది గీ బూడిద బట్టలే. నా మొఖం ఎవ్వరు చూడరు. గాడ ఒక్క గంట నేను మెరుస్తే మీకేం నొప్పి? మీరేమో దినమంతా చమ్కీ అమ్ముతరు, గాడికొచ్చి గరీబు ఆట ఆడుతరు. మాకు గరీబుతనం ఆట గాదు."

ఆ మాటలో నిజముందని శశికళకు తెలిసింది. తెలిసినందుకే కోపం నెత్తికెక్కింది.

"మెరువు, ఎవరొద్దన్నరు? బజార్ల మెరువు. నేను కట్టుకున్న ఇంట్ల ఎందుకు?" అంది. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. "చీరెలు మడతపెట్టెటోనికి రెక్కలు పెడితే దేవుడైతడా? మడతపెట్టెటోడే."

సాయిచైతన్య మొహం నల్లబడింది. చాయ్ సగంలోనే వదిలి, బూట్లు సరిచేసుకుని లేచి పోయాడు. జనార్దన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ గిది బాగలేదమ్మా అన్నాడు. జమున బ్యాగు భుజానికి తగిలించుకుని వాడి వెనకే నడిచింది. కాసేపటికి మిగతావాళ్లూ లేచిపోగా, ఎవరూ ముట్టని ఉస్మానియా బిస్కట్ల పళ్లెంతో బల్ల దగ్గర శశికళ ఒక్కతే మిగిలింది.

తర్వాత నాలుగు రోజుల్లో ఊరు ఖాళీ అయింది. ఒక్కొక్కరూ సామాను తీసుకుని కొండల అవతల ఇంకో ఊరు కట్టుకున్నారు. బాయి కాడికి పోయొస్తనని కూడా ఎవరూ చెప్పలేదు. శశికళ రోజూ మధ్యాహ్నం పోయి ఆ గుడిసెల మధ్య తిరిగేది. దారి తప్పిన బయటివాళ్లు రెక్కలతో దిగి, బావి చుట్టూ చిందులేసి పోయేవాళ్లు. వాళ్లను తిట్టడానికి కూడా ఆమె దగ్గర వాళ్ల భాష లేదు.

శ్రావణంలో జమున దుకాణానికి వచ్చింది. చెల్లెలి జాకెట్టుకు లేసు కావాలంది. శశికళ కొలుస్తుంటే కొత్త ఊరి ముచ్చట్లు చెప్పింది. కమ్మరికి ఏదో శాపం తగిలి రెక్కలు మొలిచాయని కథ కట్టుకున్నారట. రెక్కలున్నందుకు ఇంట్లో పట్టక వాడు వానలో బయటే పడుకుంటాడట, పిల్లలు వాణ్ని చూసి జడుసుకుంటారట. చాలా బాగా వచ్చిందట. ఊళ్లో మంత్రసాని లేదని, రమ్మని అడిగింది. కాకపోతే ఆ పిలగానికి ఒక్క మాట చెప్పాలంది.

"ఏం మాట?"

"తప్పైందని."

శశికళ లేసు కత్తిరించి, చుట్టి, పొట్లం కట్టింది. శాపం గీపం అనేది పైసలిచ్చి కొన్న వేషానికి కప్పిన ముసుగని, కంపెనీవాడు రేపు ఇంకోటి అమ్మితే ఇంకో శాపం కట్టాలని చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ వానలో పడుకునే కమ్మరి ముచ్చట ఆమెకు నచ్చింది. తనకు ఎందుకు తోచలేదా అనుకుంది. ఆ ఉక్రోషం మీద, రానని తెగేసి చెప్పింది. జమున పొట్లం తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ లేసుకు రాలేదు, సుల్తాన్ బజార్‌లో కొంటుందని ఎవరో చెప్పారు.

ఆ వారమే శశికళ రేగడిపాడును కూల్చింది. ఊరు పెట్టినవాళ్లకే ఆ హక్కు ఉంటుంది. ముందు కొలిమి, తర్వాత పటేల్ ఇల్లు, జమున గొర్రెల దొడ్డి, చివరికి తన గుడిసె. ఒక్కోటి పడుతుంటే ఆమెకు ఏడుపు రాలేదు, చేతికి మంచి పని దొరికినట్టు అనిపించింది. ఆటను కంప్యూటర్‌లోంచి తీసేసి, శ్యామ్‌సుందర్‌ను పిలిచి పాత బిల్లులు ఎక్కించమంది.

దసరా ముందు ఒక సాయంత్రం ఆమె ఆబిడ్స్ జీపీఓ దగ్గర రోడ్డు దాటుతుంటే సాయిచైతన్య ఎదురొచ్చాడు. అదే బూడిద యూనిఫారం, రెండు చేతుల్లో షోరూం సంచులు. ఇద్దరూ ఒకరినొకరు చూశారు. వాడు తలవంచి నమస్తే ఆంటీ అన్నాడు, అందులో మర్యాద ఎంతో మంట ఎంతో చెప్పడం కష్టం. శశికళ ఆటోల హారన్ల మధ్య అవతలి ఫుట్‌పాత్ ఎక్కి, కొంగు నడుముకు బిగించి, వెనక్కి చూడకుండా నాంపల్లి వైపు నడిచింది.