ఎద్దుల ఫొటో ఎవరిది?

ఇప్పుడంటే చంటిపిల్లలు కూడా ఫోను పట్టుకుని టకటకా నొక్కేస్తున్నారు గానీ, నేను తెనాలిలో మా ఖాలూ స్టూడియోలో పనికి కుదిరిన కాలంలో ఫొటో అంటే పెద్ద వ్యవహారం. (ఖాలూ అంటే మా పిన్నమ్మ భర్త. కొట్లో ఓనరు, ఇంట్లో చుట్టం, రెండు చోట్లా నన్ను తిట్టే హక్కున్న మనిషి.) రీలు కొనాలి, పొదుపుగా తియ్యాలి, ల్యాబులో కడిగించాలి. ప్రింటు చేతికొచ్చేదాకా తీసింది మనిషినో మసకనో తెలియక గుండె పీచుపీచుమంటూ ఉండేది. ఇంత అవస్థ పడి తీశాక ఆ ఫొటో ఎవరిది అనే ప్రశ్న ఒకటి వస్తుందని నాకు కలలో కూడా తోచలేదు. తీసినవాడిది కాక ఇంకెవరిది అవుతుంది అనుకునేవాణ్ణి. అంత అమాయకుణ్ణి!

ఈ విషయంలో మా ఖాలూకి సొంత చట్టం ఒకటి ఉండేది. "పెళ్ళిలో తీసింది పెళ్ళివాళ్ళది బేటా. వాళ్ళు పిలిచారు, కూలిచ్చారు, దాంతో మనకేం సంబంధం లేదు. తిరణాల్లో, ఊరేగింపుల్లో, పందేల్లో తీసింది మనది. ఎవడూ పిలవలా, ఎవడూ పైసా ఇవ్వలా. మన రీలు, మన కాళ్ళు. మనిష్టమొచ్చినట్టు అమ్ముకుంటాం" అనేవాడు. అందుకని చుట్టుపక్కల ఎక్కడ జనం పోగైనా నన్ను అక్కడికి తోలేవాడు. నేను తీసుకొచ్చినవన్నీ ప్రింట్లు వేయించి, స్టూడియో బయట అట్ట మీద గుండుసూదులతో గుచ్చేవాళ్ళం. జనం వచ్చి ఎవరి మొహాలు వాళ్ళు వెతుక్కుని, నచ్చితే కొనుక్కునేవాళ్ళు, నచ్చకపోతే నన్ను తిట్టి పోయేవాళ్ళు. ("నాకింత పొట్ట ఎక్కడుందయ్యా?" అని ఒకాయన ఆ పొట్టతోనే నిలబడి అడిగాడు.) ప్రింట్ల వెనక స్టూడియో ముద్ర పడేది, నా పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఒక్క ఫొటో కిందైనా నా పేరు అచ్చులో చూసుకోవాలని, అది తీసుకెళ్ళి మా అమ్మీకి చూపించాలని నాకు చచ్చేంత కోరికగా ఉండేది.

రేపల్లె దగ్గర ఎడ్ల బండలాగుడు పోటీలకి అలాగే వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది, మైకులో ఆయన అరుపులకి చెవులు చిల్లులు పడుతున్నాయి. బరి పక్కన దుమ్ములో బోర్లా పడుకుని, ఒక జత ఎడ్లు బండని కదిలించిన క్షణాన నొక్కాను. ల్యాబులో ప్రింటు చూసి నేనే నమ్మలేకపోయాను. రెండు ఎడ్లూ మెడలు ముందుకు సాచి, తలకి తల ఆనించి, కళ్ళురిమి చూస్తున్నాయి. డెక్కల కింద మట్టి ఎగిసి గాల్లోనే ఆగిపోయింది. వెనకాల జనమంతా ఒక్కసారిగా నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. మా ఖాలూ కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఫర్లేదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఫొటో బోర్డుకెక్కిందో లేదో, మొదలైంది నా ఖర్మ. ముందుగా పోటీల కమిటీ ప్రెసిడెంటు గారు వచ్చారు. "బరి మేం వేశాం, షామియానాలు మేం కట్టించాం. మా పోటీల్లో తీసిన ఫొటో మాది కాక నీదెట్టా అయిద్దయ్యా?" అన్నారు. ఆయన మాట పూర్తికాకుండానే ఎడ్లు తోలినాయన దిగాడు. "చెర్నాకోల ఎవరి చేతిలో ఉంది? నా చేతిలో. మరి ఫొటో ఎవరిది?" అని నన్నే ఎదురడిగాడు. ఆ వెనకే చెమటలు కక్కుతూ ఇంకొకాయన వచ్చి, జనంలో మూడో వరసలో కండువాతో కనపడుతున్న మొహం తనదని చూపించి, "బాబ్బాబు, అది తీసెయ్యి. ఆఫీసులో జ్వరమని చెప్పి వెళ్ళానక్కడికి" అన్నాడు.

"పబ్లిక్కులో కూర్చున్నారు కదండీ!" అన్నాను.

"కూర్చుంటే? బోర్డుకెక్కించమన్నానా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. బరి వేసినాయనది, చెర్నాకోల పట్టుకున్నాయనది, జ్వరం తెచ్చుకున్నాయనది, అందరిదీ అయి, దుమ్ములో పొట్ట మీద పాకినవాడిది మాత్రం కాదన్నమాట! ఇది మీరైనా ఒప్పుకుంటారా? నేను గట్టిగా ఏదో అనబోతుంటే మా ఖాలూ చెయ్యడ్డం పెట్టి, కత్తెర తీసుకుని, బోర్డు మీద ప్రింటు దించి, ఎంచక్కా పంచడం మొదలుపెట్టాడు. బ్యానరు, దాని కింద నిలబడ్డ ప్రెసిడెంటు గారు ఒక ముక్క. చెర్నాకోల ఎత్తిన మనిషి ఒక ముక్క. జ్వరం మొహం ఒక ముక్క. ముగ్గురూ ఎవరి వాటా వాళ్ళు జేబులో పెట్టుకుని సంతోషంగా వెళ్ళిపోయారు. "మీ చట్టం ఏమైంది ఖాలూ?" అని అరిచాను. "చట్టం ఉంది బేటా. కొట్టు కూడా ఉండాలి కదా" అన్నాడాయన, కత్తెర తుడుచుకుంటూ.

నడిమి ముక్క మిగిలింది, అంటే ఒట్టి ఎడ్లు. ఉక్రోషం కొద్దీ దాన్నే మళ్ళీ బోర్డుకి గుచ్చాను. మర్నాడు బాపట్లలో దాణా వ్యాపారం చేసే షావుకారు గారొకరు పనిమీద తెనాలి వచ్చి, అటుగా పోతూ దాని ముందు ఆగిపోయారు. ఏటా రైతులకి పంచే క్యాలెండరు కోసం ఎడ్ల ఫొటో వెతుకుతున్నారట. "ఇదేనయ్యా నాక్కావలసింది" అన్నారు. ఆ మాట వినగానే నాలో ఇన్నాళ్ళ కోరిక బుసకొట్టింది. ఖాలూ లోపల ఎవరినో కుర్చీలో సర్దుతున్నాడు గనక, సందు చూసుకుని షావుకారు గారికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఫొటో తీసినవాడికి హక్కు ఉంటుందనీ, పేరు వెయ్యకుండా అచ్చెయ్యడం దొంగతనమనీ, పేరు తీసేసే అధికారం ఎవరికీ లేదనీ, నాకు తోచిన న్యాయమంతా వల్లించాను. పాపం, ఆయన నిలబడి ఓపిగ్గా విన్నారు. "సరే అబ్బాయ్, నీ పేరు వేయిస్తాలే. కాకపోతే రేపు ఎడ్ల రైతు నా కొట్టు ముందుకొచ్చి గొడవ చెయ్యకూడదు. ఆయన చేత సరేననిపించుకుని, నెగెటివు పట్టుకుని బాపట్ల రా" అన్నారు.

అంతకన్నానా! ఖాలూని బతిమాలి, నెగెటివు ముక్క కవర్లో పెట్టి చొక్కా జేబులో వేసుకుని, రైతుకి కానుకగా ఆ ఎడ్ల ప్రింటు ముక్క కూడా పట్టుకుని రేపల్లె రైలెక్కాను. రైతు ఇల్లు రేపల్లె పక్కనే. మనిషి మంచివాడు. మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"ఎడ్లు నావి, మేత నాది, చాకిరీ నాది. ఫొటో నీదెట్టా అయిద్ది అబ్బాయ్?"

"ఎడ్లు మీవే బాబాయ్ గారూ. ఎవరు కాదన్నారు? ఫొటో మాత్రం నాది."

"అట్టనా! అయితే ఎడ్లు లేకుండా తియ్యి ఆ ఫొటో. చూద్దాం."

ఇంతలో వాళ్ళమ్మగారు, ఊరంతా మామ్మా అని పిలిచే పెద్దావిడ, అరుగు మీంచి లేచి వచ్చింది. ప్రింటు ముక్క అందుకుని చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఎంత ముద్దుగా ఉన్నార్రా నా బిడ్డలు! దీన్ని ఊరూరా గోడలకి తగిలిస్తారా? అమ్మో, ఎన్ని కళ్ళు పడతాయి! దిష్టిచుక్కేదీ?" అంటూ లోపలికెళ్ళి కాటుక డబ్బీ తెచ్చి, ప్రింటు మీద ఎడ్ల నుదుట నిండుగా ఒక చుక్క పెట్టింది. బానే ఉంది, వాళ్ళకిచ్చిన ముక్కే కదా, పెట్టుకోనీ అనుకున్నాను. (మా అమ్మీ మాత్రం తక్కువ తిందా? నేను కొత్త చొక్కా వేసుకుంటే మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది.)

"మరి క్యాలెండర్లో?" అంది మామ్మ. "అన్నింటికీ ఎవరు పెడతారు నాయనా? ఆ షావుకారు పెడతాడా?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే నాకేం పోయేది? మూసుకోలేదు. నా విద్య చూపించుకోవాలన్న దురద! జేబులోంచి నెగెటివు తీసి, వెలుతురుకి ఎత్తిపట్టి, "ఇదిగో మామ్మా, అన్నింటికీ తల్లి ఇదే. ఎన్ని వేల క్యాలెండర్లు వేసినా ఇందులోంచే రావాలి. ఇందులో ఏముంటే అన్నింట్లోనూ అదే వస్తుంది" అని గొప్పగా చెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా విని, తలూపి, "మా అయ్యే, ఎంత బాగా చెప్పావు!" అంది. ఇంతలో రైతు, "రా అబ్బాయ్, అసలు ఎడ్లని చూద్దువుగాని" అంటూ చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకెళ్ళాడు. నెగెటివు కవరు మంచం మీదే పెట్టి వెళ్ళాను. ఆ ఎడ్లు ఏ ఊళ్ళో పుట్టాయో, వాటి అమ్మలు ఎవరో, ఏ పూట ఏం తింటాయో అంతా చెప్పి, చివరికి నా భుజం తట్టి, "మా అమ్మ సరేనంటే నేనూ సరే" అన్నాడు. ఇంక నాకు ఆకాశం అందినట్టే ఉంది.

తిరిగొచ్చేసరికి మామ్మ నెగెటివుని పట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుతోంది.

"పెట్టేశాలే నాయనా. ఇంక ఎన్ని అచ్చేసినా భయంలేదు" అంది, ఎంతో తృప్తిగా.

బొటనవేలంత బొమ్మ అది. అందులో ఎడ్ల తలలు రెండూ కలిపినా కందిగింజంత ఉండవు. దాని మీద మామ్మ చూపుడువేలు నిండా ఆముదం కాటుక! నేను "మామ్మా!" అని పెట్టిన కేకకి కొట్టంలో ఎడ్లు కూడా అరిచాయి. "ఏమైంది, సరిగ్గా పడలేదా?" అని ఆవిడ మళ్ళీ డబ్బీ మూత తీసింది. నా కంగారు చూసి రైతు జాలిపడి, "ఇట్టా తే, తుడిచేస్తా" అంటూ నెగెటివు లాక్కుని భుజం మీద తువ్వాలుతో గట్టిగా రుద్దాడు. ఆ తువ్వాలుతోనే అంతకుముందు ఎడ్ల వీపులు తుడిచాడు. ఊక, దుమ్ము, ఇసక అన్నీ కలిసి ఫిలిం మీద తలలున్న మేర బరబరా గీరేశాయి. అక్కడే తల బాదుకున్నాను. ఎవరినని తిట్టను? నేను చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒంటబట్టించుకున్నది ఆవిడ ఒక్కతే.

తెనాలి వచ్చి ల్యాబులో ఎడ్ల మేరకే ప్రింటు తీయించాను. నెగెటివు మీద నల్లగా ఉన్నది కాగితం మీద తెల్లగా వస్తుంది కదా. తుడవగా మిగిలిన కాటుక, గీతలు అన్నీ కలిసి, ఎడ్ల తలలుండాల్సిన చోట పెద్ద తెల్లటి మచ్చ వచ్చింది. మెడ దాకా దివ్యంగా ఉంది, ఆపైన మబ్బు. ఖాలూ చూసి కిందా మీదా పడి నవ్వాడు. ఆయన నవ్వుకి ఒళ్ళు మండిపోయి, ఆ ప్రింటు పట్టుకుని బాపట్ల బయల్దేరాను. షావుకారు గారితో కుదరదని చెప్పి, నాలుగు తిట్లు తిని, దండం పెట్టి వచ్చేద్దామని.

ఆయన తిట్టలేదు. ప్రింటుని అటూ ఇటూ తిప్పి చూసి, "రైతు సరేనన్నాడా? గొడవలేం లేవుగా?" అన్నారు.

"గొడవల్లేవండి. తలలే లేవు."

"తలలెందుకయ్యా? మన దాణా తింటే పెరిగేది ఒళ్ళు గాని మొహం కాదుగా! ఒళ్ళు భేషుగ్గా వచ్చింది. ఆ తెల్లగా ఉన్న చోట మన దాణా బస్తా బొమ్మ పెట్టిస్తా. అక్కడ ఖాళీ కావాలనే చూస్తున్నా" అన్నారు, నేనేదో కావాలనే వదిలిపెట్టినట్టు మెచ్చుకుంటూ.

"అయ్యా, మీ ఇష్టం. నా పేరు మాత్రం వెయ్యకండి" అన్నాను.

ఆయన ముక్కున వేలేసుకున్నారు. "అదేం మాట అబ్బాయ్? తీసినోడి హక్కు అని ఆరోజు అంతసేపు చెప్పింది నువ్వేగా! పేరు తీసేసే అధికారం ఎవరికీ లేదన్నావు. నేను దొంగతనం చేసే మనిషిలా కనపడుతున్నానా?" అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. మాట మీద నిలబడే మనుషులతో ఇదే చిక్కు.

క్యాలెండరు వచ్చింది. మెడల మీద దాణా బస్తా మోస్తున్న రెండు మొండేలు, వాటి కింద లావుపాటి అక్షరాల్లో ఫొటో ఎవరు తీశారో. తెనాలి, రేపల్లె, బాపట్ల, ఏ దాణా కొట్టు చూసినా అదే. ప్రెసిడెంటు గారు గాని, చెర్నాకోల ఆయన గాని ఈసారి మాది అని ఒక్కరూ రాలేదు. చూసిన ప్రతివాడూ "ఇది తీసిన మహానుభావుడెవడ్రా?" అని అడగడం, కింద చూడటం, చదవడం. ఆ ఏడాదంతా దాణా కొట్టున్న సందుల్లోంచి నేను నడవలేదు. మా అమ్మీ మాత్రం దాన్ని ముందుగదిలో తగిలించింది. ఆవిడకి తెలుగు చదవడం రాదు. "నీ పేరెక్కడుంది బేటా?" అని అడిగి, నేను విసుక్కుంటూ చూపిస్తే, దాని మీద వేలు పెట్టి అలా కాసేపు ఉంచింది. ఎడ్లకి తలలు ఏమయ్యాయని ఆవిడ ఒక్కతే అడగలేదు. ఏడాది తిరగ్గానే దాన్ని నేనే దించి, ఏ సామాన్ల కిందో పరిచేశాను.

తర్వాత ఎన్ని ఫొటోలు తీశానో, అవి ఎవరెవరి పేర్లతో తిరుగుతున్నాయో దేవుడికే తెలియాలి. మొన్ననే నేను తీసిన ఊరేగింపు ఫొటో ఒకటి, పైన శుభోదయమని రాసి, ఎవరో నా ఫోనుకే పంపారు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఎందుకో మా అమ్మీ వేలు గుర్తొచ్చింది. నా పేరు అచ్చులో పడింది ఆ ఒక్కసారే. చూపించుకుందామంటే ఒక్క కాపీ లేదు, అమ్మీ కూడా లేదు. మీలో ఎవరింట్లోనైనా అటక మీద తలల్లేని ఎడ్ల క్యాలెండరు కనపడితే దయచేసి కబురు చెయ్యండి. వచ్చి కొనుక్కుంటాను. ఫొటో నాదని మాత్రం వాదించను లెండి.