ఆగడం రాని టీచరమ్మ

ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచరమ్మ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం నేర్చుకుందామని మాస్టర్స్‌లో చేరింది. ప్రశ్న అడిగాక పిల్లలు జవాబిచ్చేదాకా ఆగాలన్న విషయం మీద వ్యాసం రాసి, అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆగడం మాత్రం ఆవిడ వల్ల కాదు. పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు తనే చెప్పి, "శభాష్" కూడా తనే అనేస్తుంది. "శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా చదువు. మా ఆయన నాకు జవాబు చెప్పి ఎన్నాళ్లయిందో!" అంటూ స్టాఫ్‌రూములో అందరినీ నవ్విస్తుంది.

ఒకరోజు ఆ కోర్సు ప్రొఫెసర్ టీచరమ్మ పాఠం చూడ్డానికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. తలూపడమే తప్ప బళ్లో ఎన్నడూ పెదవి విప్పని ఒక పాప ముందు టీచరమ్మ రెండు రంగు పెన్సిళ్లు పెట్టి, "ఏది కావాలమ్మా?" అని అడిగింది. వెంటనే పళ్లు బిగించి, వాచీ పట్టీ మెలిపెడుతూ ఆగింది. మొహం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. పాప పెన్సిళ్లకేసి చూడలేదు. ఆవిడ మొహంలోకే చాలాసేపు చూసి, తన నీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"టీచర్, ఒంట్లో బాలేదా?" అంది.

ఆ గొంతు వినడం అదే మొదలు. టీచరమ్మకు నోట మాట రాలేదు. జవాబు కోసం పాప ఓపిగ్గా ఆగింది.