గోటితో మీటే మేడం

ల్యాబ్‌లో చిన్న గొట్టం మూత తీసేముందు మా గైడ్ మేడం దాన్ని గోటితో మెల్లగా మీటేవారు. అంచులకు అంటిన చుక్కలు కిందికి దిగడానికి అందరం చేసే పనే అది. ఆమె మాత్రం ఎవరినో నిద్ర లేపుతున్నట్టు మీటేవారు.

అల్జీమర్స్‌తో చనిపోయినవారి మెదడు ముక్కల్లో జీన్ల పనితీరును కొలిచేవాళ్ళం. వాపును రేపే జీన్లు చెలరేగి ఉండేవి. జ్ఞాపకానికి అవసరమైన జీన్లు చెరిగిపోయేవి కావు, కానీ వాటి నుంచి రావలసిన ఆర్ఎన్ఏ అనే సందేశం అరకొరగా వచ్చేది. ఏ కొత్త ఫలితం చూసినా మేడంలో ఉత్సాహం ఉండేది కాదు.

"జీన్ ఉన్నది. పలుకుతలేదు, అంతే," అనేవారు అలసటగా.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక బంద్ నాడు మా హాస్టల్ మెస్ మూతపడితే, నన్ను తార్నాకలోని తమ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళారు. క్యాంపస్ దాటేసరికి పోలీసులు వదిలిన బాష్పవాయువుకు ఇద్దరి కళ్ళూ మండిపోయాయి. ఇంట్లో వాళ్ళమ్మగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. అదే జబ్బు.

"అమ్మా, నేనే. బువ్వ తిన్నవా?"

ఆమె చూపు తిప్పలేదు. మేడం ఆ ముడతల చేతిని గోటితో మెల్లగా మీటారు. ఆ చూపు కిటికీ వైపే ఉంది.

అంతలో వీధిలోకి విద్యార్థుల ఊరేగింపు వచ్చింది. "జై తెలంగాణ!" అని అరిచారు. అరవై తొమ్మిది నాటి మొదటి ఉద్యమంలో జైలుకు వెళ్ళొచ్చిన ఆ పెద్దావిడ పిడికిలి లేచింది.

"జై తెలంగాణ!" అన్నారు, గది ఖంగుమనేలా.

నేను సంబరంగా మేడం వైపు చూశాను. ఆమె తల వంచుకుని కంచాలు పెడుతున్నారు.

"ఉన్నది," అన్నారు. "నాకే పలుకుతలేదు."