దిండులో బియ్యం

యుద్ధం రోజులు. పెళ్లయిన ఏడాది, అత్తతో, భర్తతో హొసకోట నుంచి కదిరి తేరుకు ఎద్దులబండిలో బయలుదేరాను. దారిలో వంట మాదే. పేలపిండి, బెల్లం, చింతపండు ఒకే మూటలో కుక్కాను. బియ్యానికి చోటు లేదు.

"దిండ్లో దూది తీసేసి బియ్యం నింపు మే. తలకిందికీ అయితాది, జాగా కలిసొస్తాది" అంది అత్త.

మైసూరు సీమ దాటేచోట కాపలావాడు బండి ఆపాడు. బియ్యం బయటికి పోనివ్వని కాలమది. తిండికి తెచ్చుకున్న నాలుగు శేర్లను పట్టించుకోరనుకున్నాం. అతను దిండు నొక్కి చూశాడు.

"తినేదానికైతే మూటలో పెట్టుకోరా? దిండ్లో దాచినారంటే దొంగతనమే. ఎవురి పనిది?"

"నాకేం తెలుసప్పా? అన్నీ మా కోడలే కట్టింది" అంది అత్త. బయలుదేరేటప్పుడు ఆమె చెప్పిన మాట విన్న నా భర్త ఎద్దుల పలుపులు సర్దుతూ ఉండిపోయాడు.

తేరుకు పోయే జనం చూస్తుండగా ఆ దిండు నా నెత్తిన పెట్టి చావడిదాకా నడిపించారు. బియ్యం లాక్కుని, తిట్టి వదిలేశారు.

నేను తిరిగొచ్చేసరికి తల్లీకొడుకులు పేలపిండి తింటున్నారు. "నీకూ కలిపినా, తిను మే" అంది అత్త. ఆకలికి తిన్నాను.

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఆ ముద్ద ఇంకా నా గొంతు దిగలేదు.