కేంద్ర బ్యాంకు మీద కృపావరంగారి దండయాత్ర

టెక్సస్‌లోని ప్లేనో నగర చరిత్ర ఎవరైనా రాస్తే, కృపావరంగారి బల్లగుద్దుడుకి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. కేంద్ర బ్యాంకులను ఉతికి ఆరేసిన కొత్త పుస్తకం కొన్నది మొదలు, ప్రతి ఆదివారం చర్చి భోజనాల్లో ఆయన దాన్ని సువార్త కరపత్రంలా ఊపుతూ, దాంతోనే బల్ల మీద బాదేవారు. పాస్టరుగారు ప్లేటు చేత్తో ఎత్తి పట్టుకుని తినడం అలవాటు చేసుకున్నారు. కృపావరంగారి ధాటికి సంఘంలో పదిహేనుమంది ఆ పుస్తకం కొన్నారు. వచ్చే శనివారం లైబ్రరీలో వాళ్లందరికీ దాని మీద ఆయనదే ప్రసంగం.

"నోట్లు ప్రింట్ చేసి మన సేవింగ్స్ మింగేస్తున్నార్రా!" అని ఈ ఆదివారం భోజనాల దగ్గర ఆయన గర్జిస్తే, "ఏ చాప్టర్ బావా? పేజీ చెప్తే శనివారం స్లైడ్‌లో పెడతా," అన్నాడు బావమరిది ఇమ్మాన్యుయేల్. "నాకే పరీక్ష పెడతావా?" అంటూ అదే పుస్తకంతో అతని ముఖాన ఒక్కటిచ్చారు. ముక్కు పగిలి, నెత్తురు బిర్యానీలోకి కారింది. లూసీ తమ్ముడి ముక్కు మీద ఐసు పెట్టి, మొగుడి పుస్తకం తుడిచింది. ఒక్క మరకా మిగల్లేదు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు.