నాలుగో జోకు

ఆ రోజు పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద సున్నా చుడుతుంటే చెయ్యి ఆగిపోయింది. గుండె దడ, ఊపిరాడలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో అన్నీ దగ్గరే. చావడానికి తీరిక లేకుండా ఆసుపత్రిలో చేర్చేశారు. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్.

"దిల్ ఏక్‌దమ్ ఠీక్, మాస్టర్‌జీ. ఇది ప్యానిక్ ఎటాక్. కౌన్సెలింగ్‌కి వెళ్లండి" అన్నాడు డాక్టరు.

ఊళ్లోనే మిడిల్ పాయింట్ అనే చోట ఉండే కౌన్సెలర్ దీదీ మొదటి పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఖాళీ ఎందుకని నేను మూడు జోకులు వేశాను. నవ్వలేదు.

"నాలుగోది వేసేముందు ఒక్క ఊపిరి తీసుకోండి. ఆ జోకు కింద ఏముందో చూడండి. మార్చక్కర్లేదు, చూస్తే చాలు" అంది.

చూశాను. భయం ఉంది. జోకు నోట్లోనే ఉండిపోయింది.

వారం వారం అలా కూర్చోవడమే వైద్యం. దడ తగ్గింది. ఆ సంతోషంలో, పదిహేనేళ్లుగా స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీలో కూర్చునే శ్రీనుకి చెప్పాను. మామూలుగా చెప్పొచ్చు కదా? "పిచ్చని సర్టిఫికెట్ వచ్చింది భయ్యా, ఇక మార్కులు అడిగినవాణ్ణి కరుస్తా" అన్నాను.

మర్నాడు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల నవ్వులు. శ్రీను నా జోకే చెబుతున్నాడు. నాకన్నా బాగా చెప్పాడు. ప్రిన్సిపాల్ మేడమ్ దాకా చేరేసరికి జోకు రాలిపోయి పిచ్చి ఒక్కటే మిగిలింది. నన్ను రెస్ట్ తీసుకోమని, పదో తరగతి శ్రీనుకి ఇచ్చారు.

"నువ్వే నవ్వుతూ చెప్పేవు గదరా. నేనేం కొత్తగా కలపలేదు" అన్నాడు వాడు.

"మరి నా క్లాసు ఇస్తుంటే వద్దనలేదేం?"

"మేడమ్ ఇస్తే వద్దని ఎలాగంటాం యార్?"

ఆ సాయంత్రం దడ మళ్లీ వచ్చింది, ఈసారి సామానుతో సహా. దీదీ దగ్గరికి పరిగెత్తాను. జరిగిందంతా చెప్పినా ఆమె శ్రీనుని ఒక్క మాట అనలేదు. ఆమె మీద కూడా కోపం వచ్చింది.

"ఎక్కడ పట్టేసింది?"

"గొంతులో."

"కాసేపు అక్కడే ఉండండి."

ఉన్నాను. చివరికి ఏడ్చాను.

మర్నాడు ప్రిన్సిపాల్ ముందు నిలబడి ఒక్క ఊపిరి తీసుకున్నాను. "నాకు ప్యానిక్ ఎటాక్స్ వస్తున్నాయి మేడమ్. వైద్యం జరుగుతోంది. నా క్లాసు నాకు కావాలి." ఆవిడ నవ్వడానికి సిద్ధంగా చూశారు. నేను జోకేమీ ఇవ్వలేదు. డాక్టరు దగ్గర్నుంచి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. తెచ్చాను. నెల రోజులకి క్లాసు తిరిగొచ్చింది.

ఇప్పుడు దడ అప్పుడప్పుడు వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, పోతుంది. శ్రీను ఇంకా పక్క కుర్చీలోనే ఉన్నాడు. చాక్‌పీసు అడిగితే ఇస్తాను. అంతవరకే.

సలహా ఒక్కటే. మీ జబ్బు సంగతి ఎవరికైనా మొదటిసారి చెప్పేటప్పుడు నవ్వించకండి. "ఇది నీ దగ్గరే ఉండాలి" అని కూడా చెప్పండి. ఆ ఒక్క వాక్యం నేను వదిలేశాను, జోకు పాడవుతుందని.