వడ్ల చుట్టూ రాళ్లు

బాన్సువాడలో బోధన్ రోడ్డు అంచున తెల్లగీత వేసి, దానికి అవతల సైకిళ్లు పోవాలన్నారు. కోతలు మొదలయ్యేసరికి రైతులు ఆ జాగా నిండా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు.

"మరి నేనెటు పోవాలె?" అని కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒక అక్కను కోపంగా అడిగాను.

"సైకిల్ తొక్కుడు వచ్చినోనికి గీతతోని ఏం పని అన్నా? రాళ్ల పక్కపొంటి పో" అంది.

అలాగే రాళ్లను ఆనుకుని, రోడ్డు మీదే పోయాను. లారీలు నాకు దూరంగా తప్పుకుని వెళుతుంటే, నా తొక్కుడు చూసే అనుకుని మురిసిపోయాను.

వడ్లు ఎత్తేశారు, రాళ్లూ తీసేశారు. ఇప్పుడు గీతకు అవతలే వెళుతున్నాను. నిన్న ఒక లారీ గీత దాటి వచ్చి నా మోచేతిని రాసుకుంటూ పోయింది.

ఇంతకీ అప్పుడు లారీలు తప్పుకున్నది నన్ను చూసా, రాళ్లను చూసా?